ఎలుక కొరికిన కేబుల్ ముక్క చూపించిన అక్కకు

మాది మునుగోడు దగ్గర ఊరు. మా దిక్కు కాళ్లు బిగుసుకుపోతే ఎవరైనా ముందు అనేమాట నీళ్లలోని ఫ్లోరైడ్. నా నడక తడబడినప్పుడు నేనూ అదే అనుకుని నెలల తరబడి నొప్పి గోళీలు మింగాను. తర్వాత ఒక కన్ను మసకబారింది, కదిలిస్తే నొప్పి. ఫ్లోరైడ్ కంటికి ఎందుకు పడుతుంది? హైదరాబాద్ పోతే ఎంఆర్ఐ తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు, ఎంఎస్. అప్పటికి నాకు 29 ఏళ్లు.

ఆ పేరు వినగానే ఏడుపొచ్చింది. వార్డులో పాలమూరు సిస్టర్ ఒకామె స్టూల్ లాక్కుని కూర్చుని "మీకు బోరుందా?" అని అడిగింది. ఇదేం ప్రశ్న అనుకున్నాను. "మోటార్ మంచిదే, స్టార్టర్ మంచిదే, నడుమ కేబుల్‌ను ఎలుక కొరికితే నీళ్లొస్తాయా? నీ ఒంట్లో రోగాలతో కొట్లాడే బలగమే పొరపాటున మెదడు, వెన్నుపాములో నరాల మీది పొరను కొరుకుతోంది" అంది.

ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కిస్తే లేచి నడిచాను. తగ్గిందని తర్వాతి మందు మానేశాను. తప్పు నాదే. ఎనిమిది నెలలకు కుడిచెయ్యి మొద్దుబారింది. ఫోన్ చేస్తే సిస్టర్ తిట్టలేదు. "స్టెరాయిడ్ వచ్చిన మంటను ఆర్పుతుంది, అంతే. మళ్లీ అంటుకోకుండా చూసేది ఆర్నెల్లకోసారి ఎక్కించే మందు. బాగున్నావంటే అది పనిచేస్తున్నట్టు" అంది. ఇప్పుడు తేదీ తప్పడం లేదు.

ఊళ్లో సంగతి వేరు. గాలి సోకిందన్నారు, నా గ్లాసు వేరే పెట్టారు. పొద్దున మంచిగుండి మధ్యాహ్నం కూలబడితే పనిదొంగ అన్నారు. మందులకంటే ఇదే ఎక్కువ టెన్షన్. మా ఊరి ఆశా వర్కర్ అక్క అడగకుండానే మహిళా సంఘం మీటింగ్‌లో నా మాట ఎత్తింది. మా తమ్ముడి దగ్గర ఎలుక కొరికిన కేబుల్ ముక్క తీసుకుని అందరి చేతికీ ఇచ్చింది. ఇది అంటురోగం కాదని, ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుందని, మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువని చెప్పింది. ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలు కాసేపు తిరగబెడతాయని, చల్లబడితే తగ్గుతాయని చెప్పినప్పుడు పక్కింటి వదిన తల దించుకుంది. వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు కూడా అక్కే తోడొచ్చింది. 2016 వికలాంగుల చట్టంలో ఎంఎస్ ఉందని ఆమె చెప్తేనే తెలిసింది.

సిస్టర్‌కు, అక్కకు ఎట్లా థ్యాంక్స్ చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. మొన్న ఎండలకు వదినే మా ఇంటి ముందు నీళ్లు చల్లి "బయటికి రాకు, నేను తెచ్చిస్తా" అంది. కేబుల్ ముక్క ఇప్పుడు మా ఇంట్లో లేదు. పక్క ఊరి మీటింగ్‌కు కావాలని అక్క పట్టుకుపోయింది.