మిరియంగాడి పాలసీ

బెర్లిన్, 16 నవంబర్ 2025

నాన్నా,

మన కుక్క మిరియంగాడి బీమా క్లెయిమ్ ఎందుకు కొట్టేశారని మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. స్పీకర్ ఆన్‌లో ఉంది, పక్కన అమ్మ ఉంది, అందుకే "ఏవో రూల్సట" అని దాటేశాను. నువ్వేమో అప్పట్నుంచి తెనాలిలో వాడి జబ్బులూ మందులూ రాయించిన ఆ పశువుల డాక్టరు పుస్తకం వల్లే మా క్లెయిమ్ పోయిందని బాధపడుతున్నావట, తమ్ముడు చెప్పాడు. నీ పుస్తకం వల్ల కాదు నాన్నా, నా వల్ల. వాట్సాప్‌లో పెడితే అమ్మ చదివేస్తుంది, నీ మెయిల్ జోలికి మాత్రం రాదు కాబట్టి ఇందులో రాస్తున్నాను.

ముందు నీకున్న పాత అనుమానం తీరుస్తాను. కుక్కకి బీమా తీసుకున్నామని మొదటిసారి చెప్పినప్పుడు "నామినీ ఎవరే?" అని అరగంట నవ్వావు, గుర్తుందా? ఇక్కడ కుక్కకి రెండు రకాల బీమా ఉంటుంది. ఒకటి, వాడు చచ్చినా బతికినా మనకి సంబంధం లేనిది, ఊళ్ళోవాళ్ళ కోసం. మిరియంగాడు ఎవరినైనా కరిచినా, సైకిల్‌కి అడ్డంపడి ఎవరినైనా పడేసినా ఆ ఖర్చు ఆ బీమా కడుతుంది. జర్మనీ చట్టంలో పెంపుడు కుక్క చేసిన నష్టానికి యజమాని తప్పు లేకపోయినా యజమానే బాధ్యుడు, గొలుసు గట్టిగానే పట్టుకున్నాను మొర్రో అన్నా వినరు. దెబ్బ తిన్నవాళ్ళు పని మానేసి ఇంట్లో కూర్చుంటే ఆ జీతం కూడా మనమే కట్టుకోవాలి. అందుకే బెర్లిన్‌లో ఈ బీమా తప్పనిసరి, కనీసం పది లక్షల యూరోలకి ఉండాలి. సంఖ్య చూసి కంగారు పడకు, మేం కట్టేది ఏడాదికి 70 యూరోల లోపే. దీనికి తోడు కుక్క పన్ను ఒకటుంది, హుండెష్టాయర్ అంటారు, ఇక్కడ మొదటి కుక్కకి ఏడాదికి 120, రెండోది పెంచితే దానికి 180. ఇంటి పన్ను కూడా వాయిదాల్లో కట్టే మీ అల్లుడు ఇది మాత్రం గడువుకి ముందే కట్టేస్తాడు.

రెండోది వైద్యానికి. ఇది మన ఇష్టం. ఆపరేషన్లకి మాత్రమే అయితే చవక, మామూలు జబ్బులకి కూడా కావాలంటే ఎక్కువ. మేం పెద్దదే తీసుకున్నాం, నెలకి 58 యూరోలు. ఇక్కడ పశువుల డాక్టరు తనకి తోచినంత తీసుకోకూడదు, ప్రతి పనికీ ప్రభుత్వం పెట్టిన ధరల పట్టిక ఉంది. కానీ ఆ పట్టిక ధరకి మూడింతల దాకా వేసుకోవచ్చు, రాత్రిళ్ళు, ఆదివారాలు ఎమర్జెన్సీ అయితే రెండింతలకి తగ్గకూడదు, నాలుగింతల దాకా పోవచ్చు, పైగా ఎమర్జెన్సీ ఫీజు 50 యూరోలు, దాని మీద టాక్స్. 2022 నవంబర్‌లో ఆ పట్టిక ధరలే పెంచారు. కుక్కకి బీమా ఎందుకని ఇక్కడెవరూ నవ్వకపోవడానికి కారణం ఇదే.

జులైలో వాడు మొక్కజొన్న బెండు మింగిన సంగతి చెప్పాను కదా, లెక్క చెప్పలేదు. పార్కులో ఎవరో కంకులు కాల్చుకుని తిని పారేశారు, నేను ఫోన్ చూసుకుంటూ ఉన్నాను. ఆదివారం సాయంత్రానికి వాంతులు, రాత్రి పదకొండుకి ఆపరేషన్. బిల్లు 2,780. అందులో డాక్టరు ఫీజు 2,100, మూడింతల లెక్కన. మా పాలసీలో రెండింతల వరకే అని ఉంది, అంటే 1,400. మందులు, స్కానింగ్, మిగతావన్నీ కలిపి 680 ఒప్పుకున్నారు. మొత్తం 2,080, అందులో 20 శాతం మా వాటా. చేతికొచ్చింది 1,664, మేం పెట్టుకున్నది 1,116. పాలసీ కొనేటప్పుడు రెండింతలా నాలుగింతలా అని నేను చూడనేలేదు, నెలకి ఇంకో పన్నెండు యూరోలు ఎక్కువ పెడితే నాలుగింతల దాకా ఇచ్చే పాలసీ వచ్చేదట. నువ్వైతే మొదట ఆ లైనే చూసేవాడివి.

ఇప్పుడు అసలు సంగతి.

2023లో నేను ముందు వచ్చేశాక వాడు మీ దగ్గర ఉన్నాడు కదా. చిప్ వేయించి, రేబిస్ టీకా వేయించి, ముప్ఫై రోజులు ఆగి రక్తం తీయించి, అక్కణ్ణుంచి మళ్ళీ మూడు నెలలు ఆగితే గానీ మన దేశం నుంచి కుక్కని ఇక్కడికి రానివ్వరు, ఆ తిరుగుడంతా నువ్వే తిరిగావు. ఆ మధ్యలోనే వాడికి పిడుదుల జ్వరం వచ్చింది. నాలుగు వారాలు బెల్లం ముక్కలో మాత్ర పెట్టి నువ్వే మింగించావు. అది డాక్టరు పుస్తకంలో తేదీతో సహా రాయించావు, ఎందుకంటే నువ్వు ముప్ఫై ఏళ్ళు ఎల్‌ఐసీ ఏజెంట్‌వి, కాగితం లేని మాట నీకు మాటే కాదు.

2024 మార్చిలో నేను ఇక్కడ ఈ వైద్య బీమాకి ప్రపోజల్ ఫారం నింపాను. జాతి అన్నచోట మన ఊరకుక్కకి గడి లేదు, మిశ్రమ జాతి అని పెట్టాను. వయసు డాక్టరు పళ్ళు చూసి చెప్పింది పెట్టాను. "ఇంతకు ముందు ఏదైనా జబ్బుకి వైద్యం జరిగిందా" అన్నచోట లేదు అని టిక్ పెట్టాను. మర్చిపోయి కాదు నాన్నా. ఎప్పుడో తగ్గిపోయింది, అది రాస్తే ఇంకో పది కాగితాలు అడుగుతారు, ఏం పోయిందిలే అనుకున్నాను. నీ కూతురినై ఉండి.

అక్టోబర్‌లో వాడికి ముక్కులోంచి రక్తం వచ్చింది. పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి. ఆ జ్వరం తెచ్చే క్రిమి ఒక్కోసారి ఒంట్లోనే నెలలు, ఏళ్ళు దాక్కుని మళ్ళీ లేస్తుందట. ఇక్కడి డాక్టరు మొదట అడిగిందే "ఎక్కణ్ణుంచి వచ్చింది ఈ కుక్క?" అని. నీ పుస్తకం చూపించాను, చూపించబట్టే ఆవిడ అదే రోజు సరైన పరీక్ష రాసింది, లేకపోతే ఎన్ని రోజులు వెతికేవాళ్ళో. ఇప్పుడు వాడు బాగున్నాడు, నిజంగానే, నిన్న పక్కింటావిడ చెప్పు కూడా కొరికాడు.

బిల్లు 610 యూరోలు. కంపెనీవాళ్ళు పాత రికార్డులు అడిగారు. అప్పుడు దాచి ఉండాల్సింది అని నువ్వు అన్నావు చూడు, నీ నోట ఆ మాట విని నేను ఫోన్ పట్టుకుని అలా ఉండిపోయాను. దాచలేదు. పంపించాను. క్లెయిమ్ కొట్టేశారు, పైగా పిడుదుల వల్ల వచ్చే ఏ జబ్బూ మొదటినుంచే పాలసీలో లేనట్టు లెక్క అని ఉత్తరం రాశారు. అక్కడితో వదిలారు, పాలసీయే రద్దు చేస్తారేమోనని వారం రోజులు టెన్షన్ పడ్డాను. ఆరేళ్ళు దాటిన కుక్కని, ఇంత చరిత్ర ఉన్నదాన్ని, ఇంకో కంపెనీ ఎంత ప్రీమియానికి తీసుకుంటుందో, అసలు తీసుకుంటుందో లేదో. జీవిత బీమాకి మూడేళ్ళు దాటితే బీమా చట్టంలో సెక్షన్ 45 ఉంది, ఫారంలో తప్పుందని ఎవడూ పాలసీని కొట్టేయలేడు అని నువ్వు పాలసీదార్లకి చెప్పేవాడివి కదా, అది కుక్కలకి లేదు నాన్నా.

బాబాయి గేదె చచ్చిపోయినప్పుడు చెవికి ట్యాగు లేదని బీమా డబ్బు రాలేదు, నువ్వు ఆయన్ని వీధిలో నిలబెట్టి తిట్టావు. ఇక్కడ ట్యాగుకి బదులు చిప్, ఆ నంబర్ ప్రతి కాగితం మీదా సరిగ్గానే ఉంది, నువ్వు చేయించిన పని కాబట్టి. నేను చేసిన టిక్ ఒక్కటే తప్పు. ఆయనకి పడ్డ తిట్లలో సగమైనా నాకు పడాలి, కాకపోతే అమ్మకి వినపడకుండా తిట్టు.

ఇప్పుడు నీతో రెండు పనులున్నాయి. జ్వరం తగ్గాక రెండోసారి రక్తం పరీక్ష చేయించావు, అందులో ఏమీ లేదని వచ్చింది అని చెప్పినట్టు గుర్తు. ఆ రిపోర్టు పుస్తకంలో అంటించలేదు, నీ ఇనప్పెట్టెలో రసీదుల కట్టలో ఉందేమో చూడు. దొరికితే తేదీ కనపడేలా ఫోటో తీసి పంపు, లేకపోతే ఆ డాక్టరు గారి దగ్గర ఒక కాగితం రాయించు. దాన్ని పెట్టి ఆ మినహాయింపు తీసేయమని మళ్ళీ అడుగుతాను, ఇస్తారనే ఆశ పెద్దగా లేదు గానీ అడగడానికేం.

రెండోది, పాలసీలో మినహాయింపుల భాగం నాలుగు పేజీలు ఉంది. జర్మన్‌లో ఉంది కాబట్టి రోజుకి ఒక పేజీ చొప్పున నేనే తెలుగులో రాస్తున్నాను, మొదటి పేజీ దీనికి జతచేశాను. క్లెయిమ్ ఇచ్చాక కంపెనీ పాలసీని ఆపేయొచ్చు అన్న లైను అందులోనే ఉంది, చూసి బీపీ పెంచుకోకు. ప్రింట్ తీసుకుని నీ ఎర్ర పెన్నుతో గీసి పంపు.

నీ
పెద్దమ్మాయి