మన కరెంటు చరిత్ర రాయించండి: విశాఖ విద్యుత్ పంపిణీ సంస్థ సీఎండీ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

విశాఖ కేంద్రంగా పనిచేసే మీ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ 2000లో ఏర్పడింది. అంతకుముందు ఉన్నది 1959లో పుట్టిన రాష్ట్ర విద్యుత్ మండలి. 1999లో దాన్ని విడదీసి ఉత్పత్తి జెన్‌కోకు, సరఫరా ట్రాన్స్‌కోకు ఇచ్చారు. ఆ మరుసటి ఏడాదే పంపిణీని కూడా వేరు చేశారు. ఇదంతా ఎంతమందికి తెలుసు? కరెంటు పోతే జనం ఇప్పటికీ "కరెంటోళ్లు" అనే తిడతారు. ఎవరి పని ఎక్కడ ఆగుతుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు మరి.

ఒడిశాతో ఉమ్మడిగా కట్టిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. అక్కడి నుంచి మన ఇంటి మీటరు దాకా ఉన్న కథ తెలుగులో ఒక్కచోట దొరికితే బాగుంటుంది. ఇంజనీర్ల భాషలో మాత్రం వద్దు, దయచేసి.

ముఖ్యంగా అడిగేది హుద్‌హుద్ గురించి. 2014 అక్టోబరు 12న తుపాను విశాఖను తాకి స్తంభాలను కూల్చేసింది, తీగలు తెంపేసింది, ఊళ్లకు ఊళ్లను చీకట్లోకి నెట్టింది. మళ్లీ సరఫరా ఇవ్వడానికి మొదట ఏ లైన్లు చూశారు, ఆసుపత్రులకు, నీటి పంపులకు ఎలా ఇచ్చారు, బయటి నుంచి వచ్చిన సిబ్బందికి పని ఎలా పంచారు? కాగితాల్లో గణాంకాలు ఉంటాయి, సరే. స్తంభం ఎక్కిన లైన్‌మన్లు ఏం చూశారో మాత్రం వాళ్లనే అడగాలి. చాలామంది రిటైరవుతున్నారు. ఈ ఏడాదే వాళ్ల మాటలు రికార్డు చేయించండి, ఆ ఆడియోలను సంస్థ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో పెట్టించండి.

ఇట్లు,
ఒక వినియోగదారుడు