కోటబొమ్మాళి దాటాక ఆగిన బస్సులోని వారందరికీ కృతజ్ఞతలు

మొన్న ఏప్రిల్‌లో ఒక సోమవారం ఉదయం, పలాస నుంచి శ్రీకాకుళం వెళ్తున్న ఆర్టీసీ బస్సు కోటబొమ్మాళి దాటిన తరువాత జాతీయ రహదారి పక్కన ఒక చెట్టు కింద పావుగంటసేపు ఆగింది. టైరు పంచరు కాలేదు, ఇంజను చెడలేదు. నా మూలంగానే ఆగింది. ఆ బస్సులో ఉన్నవారికి నేనెవరో తెలియదు, వారిలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. ఈ నాలుగు మాటలు కూడదీసుకోవడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది. ఆలస్యానికి మన్నించమని కోరుతున్నాను.

నేను కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. ఆ రోజు ఆడిటరు గారికి ఇవ్వవలసిన ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మార్చి నెలాఖరు లెక్కల ముగింపు, పదకొండో తేదీ జీఎస్‌టీ రిటర్ను, వాటి నడుమ రెండు పెళ్లిచూపులు గడిచాయి. అప్పటికే కొన్ని నెలలుగా నాలో ఏదో అరిగిపోతోంది. ఫోను మోగితే ఎత్తలేకపోయేదాన్ని, ఎన్నో ఏళ్లుగా నోటితో చేసిన కూడికలు కాగితం మీద కూడా తప్పేవి, తల దువ్వుకోవడం పెద్ద పనిలా ఉండేది, పెరుగన్నం తప్ప మరేదీ నోటికి పోయేది కాదు. ఒక ఆసుపత్రిలో బలానికి మందు రాశారు. మరొక చోట దిగులు జబ్బన్నారు, నలుగురిలో తిరగమని సలహా ఇచ్చారు. తిరిగినకొద్దీ ఇంకా దిగజారాను.

బస్సులో నా వెనుక సీటులో ఎవరో ఫోనులో వీడియోలు గట్టిగా పెట్టుకున్నారు, ముందు ఒక పసిబిడ్డ ఏడుస్తోంది, పక్కన లారీ హారను మోగుతోంది. నాకు వీటిలో ఏది దగ్గరిదో, ఏది దూరానిదో తేడా ఉండదు. అన్నీ ఒకే ఎత్తున మీద పడతాయి. ఆ క్షణంలో కట్ట తెగింది. చెవులు మూసుకుని అరిచానని, కిటికీ కమ్మీకి నుదురు కొట్టుకున్నానని తరువాత తెలిసింది. మూర్ఛ అనుకుని ఒకరు తాళంచెవుల గుత్తి నా చేతిలో పెట్టబోయారు, ఇంకొకరు గాలి సోకిందన్నారు. నా మేలు కోరే భుజం పట్టుకున్నారు కానీ, ఆ పట్టు నాకు కాల్చిన అట్లకాడ అంటించినట్టు ఉంది.

అప్పుడు కండక్టరు గారు వచ్చారు. ఆమె నన్ను ముట్టుకోలేదు. "ఎవులూ ముట్టుకోకండి, ఆ అమ్మకి గాలాడనివ్వండి" అని, నా వరుసలోని వారిని వెనక్కి పంపి, డ్రైవరు గారితో బండి పక్కకు తీయించి ఇంజను కట్టించారు. ఇంజను ఆగడం ఎంత పెద్ద ఉపకారమో ఆమెకు తెలిసి ఉండదు. నా ఒంట్లోని వణుకులో సగం ఆ ఇంజనుదే. ఒక కుర్రవాడు ఫోను ఎత్తి నన్ను చిత్రీకరించబోతే, వెనుక నుంచి ఒక ముసలమ్మ "నీ అప్పయితే తీద్దువేటి? లోపలెట్టీ" అన్నారు. అతను లోపల పెట్టేశాడు. అతనికి కూడా నా కృతజ్ఞతలు, ఎందుకంటే పెట్టకుండా ఉండగలిగేవాడే. కోర్టు వాయిదాకు ఆలస్యమవుతోందని ఒకాయన ఒక్కసారి మాత్రం గొణిగి ఊరుకున్నారు. మిగిలినవారంతా ఆ ఎండలో, ఫ్యానులేని బస్సులో, నన్ను ఏమీ అడగకుండా కూర్చున్నారు.

తరువాత మా అప్ప, అంటే అక్క, నన్ను విశాఖపట్నం తీసుకువెళ్లింది. అక్కడ ఒక క్లినికల్ సైకాలజిస్టు మూడు విడతలుగా మాట్లాడి, మా అమ్మను నా చిన్నతనం గురించి ఓపికగా అడిగి, నాకు ఆటిజం, అంటే పుట్టుకతోనే మెదడు పనితీరు వేరుగా ఉండే స్థితి, ఉందని చెప్పారు. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. బస్సులో జరిగిన దాన్ని మెల్ట్‌డౌన్ అంటారని, అది కోపమూ కాదు, పంతమూ కాదని, మెదడు మోయగలిగినదానికి మించి శబ్దం, వెలుగు, ఒత్తిడి చేరినప్పుడు అదుపు తప్పుతుందని, మధ్యలో మందలించి ఆపగలిగేది కాదని వివరించారు. శబ్దాలకూ స్పర్శకూ ఇలా అతిగా చలించడాన్ని 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ఆటిజం లక్షణాలలో చేర్చిందట. నెలల తరబడి నన్ను అరగదీసిన దాన్ని ఆటిస్టిక్ బర్నౌట్ అంటారు. ఎడతెగని అలసట, వచ్చిన పనులు రాకుండాపోవడం, శబ్దాలను ఓర్చుకోలేకపోవడం దాని గుర్తులని 2020లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. అది ఇంకా వైద్య గ్రంథాలలో విడిగా ఒక జబ్బుగా నమోదు కాలేదు. ఇన్నేళ్లూ ఇష్టం లేకపోయినా ఎదుటివారి కళ్లలోకి చూస్తూ, నవ్వవలసిన చోట లెక్కపెట్టుకుని నవ్వుతూ నేను చెల్లించిన బాకీ అదేనని నాకు అర్థమైంది. 2018లో తిత్లీ తుపాను వెళ్లాక కరెంటు లేని రోజుల్లో, వీధి పొడవునా జనరేటర్లు మోగుతుంటే నేను రెండు రోజులు మాట పడిపోయి గదిలో కూర్చున్నాను. అందరూ తుపాను భయమనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

అప్పకు ఎంత చెప్పినా తక్కువే కనుక తక్కువే చెబుతాను. టెక్కలిలో వాళ్లింట్లో ఉన్న నెలన్నరా కుక్కర్ విజిల్ వచ్చే ముందు "వస్తాది" అని చెప్పేది, కొన్నాళ్లకు కుక్కరునే పెరట్లోకి మార్చేసింది. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు తీసి బావ పసుపు బల్బు పెట్టారు. పెళ్లిచూపుల మాట మళ్లీ ఎత్తినవారికి అప్ప ఏం చెప్పిందో నాకు తెలియదు కానీ, ఎవరూ మళ్లీ రాలేదు.

మా షావుకారు గారు ముందు "పెళ్లి ఇష్టం లేదా అమ్మా" అనే అడిగారు. విషయం తెలిశాక ఆ నెలన్నర జీతం కోయలేదు. తిరిగి వచ్చేసరికి నా బల్ల జనరేటరు పక్క నుంచి గోనెసంచుల గదిలోకి మారింది. నాతో మాట్లాడవలసినవన్నీ వాట్సాప్‌లో రాసి పంపడం మొదలుపెట్టారు, అక్షరదోషాలతోనే అయినా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఉంది, ప్రభుత్వ కార్యాలయాలు అటువంటి ఉద్యోగులకు తగిన సర్దుబాట్లు చేయాలని ఆ చట్టం చెబుతోంది. ఆయనది ప్రభుత్వ కార్యాలయం కాదు, ఆ చట్టం పేరు కూడా ఆయన వినలేదు.

మొదటి పది రోజులూ నన్ను లెక్కల జోలికి వెళ్లనివ్వకుండా పప్పు ఏరే ఆడవాళ్ల దగ్గర కూర్చోబెట్టారు. పూర్తి పప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క. డబ్ల్యూ-320 రకం అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గింజలు తూగేది. డబ్ల్యూ-240 అంతకంటే పెద్దది. పన్నెండేళ్లుగా పుస్తకంలో రాస్తున్న ఆ అంకెలు మొదటిసారి వేళ్లకు తగిలాయి. గింజ అరచేతిలోకి రాగానే ఏ గుట్టలో పడాలో చెయ్యి చెప్పేది. నాలుగో రోజుకు గుట్టలు లెక్కపెట్టాను, ఏడో రోజుకు కూడికలు వచ్చాయి. మధ్యాహ్నం రేడియో వారే ఆపేసుకున్నారు. "ఆయమ్మిని పలకరించకండి, తనే పలకరిస్తాది" అని పెద్దామె మిగిలినవారితో అంటుంటే విన్నాను. తొమ్మిదో రోజున పలకరించాను. నేను అడిగింది టీ గురించి. అందరూ ఒకేసారి జవాబు చెప్పబోయి, ఆగి, ఒక్కరే చెప్పారు.

ఇప్పుడు పూర్తిగా కోలుకున్నానని చెప్పలేను. ఫోను ఇంకా ఎత్తను. బస్సు ఎక్కేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకుంటాను, పండుగ రద్దీలో ఎక్కను.

కండక్టరు గారికి ఒక మాట. ఆ రోజు నాకు రావలసిన ఇరవై రూపాయల చిల్లర మీరు టికెట్టు వెనుక పెన్నుతో రాసి ఉంచారు. శ్రీకాకుళంలో దిగేటప్పుడు నేను చెయ్యి చాచలేని స్థితిలో ఉంటే, నోటు నా సంచి పక్క జేబులో పెట్టి ఆ అంకెను కొట్టేసి మరీ టికెట్టు ఇచ్చారు. టికెట్టు మీది అచ్చు ఎప్పుడో వెలిసిపోయింది. బస్సు ఏ డిపోదో, ఎన్ని గంటలకు బయలుదేరిందో దాని మీద ఇక కనిపించడం లేదు, వెనుక మీ కొట్టివేత మాత్రం ఉంది. మీ కోసం కిలో డబ్ల్యూ-240 పప్పు విడిగా కట్టి షావుకారు గారి బీరువాలో పెట్టాను. ఇది మీ కంటబడితే కబురు పంపండి. లేదా ఆ చెట్టు కింద బస్సు ఆపించింది మీరేనని మీతో పనిచేసేవారు ఎవరైనా గుర్తుపట్టినా చాలు, నేనే డిపోకు వచ్చి ఇస్తాను.