గంధం రంగా, నెమలికంఠమా: పోయిన నెల నేనిచ్చిన తప్పు సలహా

మన పెయింట్ షాపుకొచ్చే అందరికీ నమస్కారం. ఈ విషయం ఎవరో చెప్పగా మీకు తెలిసేకంటే నేనే చెప్పడం మంచిదని రాస్తున్నాను.

పోయిన నెల సత్యనారాయణపురం నుంచి భార్యాభర్తలు వచ్చారు. పడగ్గదికి ఆయన గంధం రంగు అంటారు, ఆవిడ నెమలికంఠం అంటారు. గంటసేపు షేడ్ కార్డు తిరగేశారు. కిటికీ ఉన్న గోడకు నెమలికంఠం, మిగతా మూడింటికీ గంధం వేయించండి, ఇద్దరి మాటా నెగ్గుతుంది అన్నాను. గది చూడకుండానే అన్నాను.

రంగు వేశాక ఆవిడ ఫోన్ చేస్తే వెళ్లాను. నెమలికంఠం పట్టపగలే నల్లగా ఉంది. కిటికీలోంచి వచ్చే వెలుగు ఎదురు గోడ మీద పడుతుంది కానీ, కిటికీ ఉన్న గోడ మీద పడదు. పైగా కిటికీ వెలుతురు కళ్లలో కొడుతుంటే పక్కన ముదురు రంగు ఇంకా చీకటిగా కనిపిస్తుంది. ఇక ఎదురు గోడ. అది పడమటి కిటికీ. సాయంత్రం మన బెజవాడ ఎండ నేరుగా పడేసరికి గంధం కాస్తా పసుపు ముద్దలా తయారైంది. రాత్రి తెల్ల ట్యూబులైటు కింద అదే గోడ పాలిపోయింది. రెండూ మంచి రంగులే. గోడలు తారుమారు చేసింది నేను.

నెమలికంఠాన్ని ఎదురు గోడకు మార్చాం. ఇప్పుడు సాయంత్రం ఎండలో అందులోని నీలం, పచ్చ రెండూ తెలుస్తున్నాయి. కానీ ముదురు రంగు మీద గంధం నేరుగా ఎక్కదు, మళ్లీ ప్రైమర్ కొట్టాల్సి వచ్చింది. ముదురు షేడ్లు కలిపే బేస్‌లో, అంటే రంగులు కలపకముందున్న మూల పెయింటులో, కింది రంగును కప్పే తెల్ల పిగ్మెంట్ తక్కువ కాబట్టి నెమలికంఠానికి మూడో కోటు పట్టింది. పెయింటూ కూలీ నేనే పెట్టుకున్నాను. అయినా చంటిబిడ్డతో వాళ్లు నాలుగు రోజులు హాల్లో పడుకున్నారు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

మెషీన్‌లో కలిపిన డబ్బా వెనక్కి తీసుకోలేం. అందుకే ఇకపై ముదురు రంగు ఎవరడిగినా ముందు రెండడుగుల తెల్ల అట్ట మీద రెండు కోట్లు వేసి ఇస్తాను, డబ్బులేమీ వద్దు. ఇంటికి తీసుకెళ్లి ఒక్కో గోడకూ ఆనించి పొద్దున, సాయంత్రం, రాత్రి లైటు వేశాక చూడండి. కిటికీ ఏ దిక్కున ఉందో కూడా చెప్పండి. మీరు సరే అన్నాకే డబ్బా కలుపుతాను.