ఆ మూడు గంటలు మాకు మిగల్చండి: కేంద్ర పౌర విమానయాన మంత్రి గారికి పరకాల నుంచి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ నడపమని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మీరూ తెలుగువారే కనుక ఈసారి నలుగురూ చదివేలా తెలుగులోనే రాస్తున్నాను.

మా ఆయన దుబాయ్‌లో పని చేస్తాడు. దుబాయ్ నుంచి శంషాబాద్ దాదాపు 2,550 కిలోమీటర్లు, విమానంలో మూడున్నర గంటలు. పోయేటప్పుడు ఎదురుగాలికి ఇంకో అరగంట పడుతుంది. శంషాబాద్ నుంచి పరకాల 200 కిలోమీటర్లే, కానీ కారులో నాలుగున్నర గంటలు. సముద్రం దాటి వచ్చిన టైమ్ కన్నా ఇంటికి చేరే టైమ్ ఎక్కువ!

మొన్న చలికాలంలో మా మామ చనిపోయాడు. మా ఆయన ఒక్కడే కొడుకు. తెల్లారి పొద్దున విమానమెక్కి, మన టైమ్ మధ్యాహ్నం మూడుకు ముందే శంషాబాద్‌లో దిగాడు. సామాను కోసం ఆగకుండా కిరాయి కారెక్కాడు. శవాన్ని ఫ్రీజర్ పెట్టెలో పెట్టుకుని కూర్చున్నాం. ఘట్‌కేసర్ దాటినా అని ఒక ఫోన్. భువనగిరి దగ్గర ట్రాఫిక్ ఆగింది అని ఇంకో ఫోన్. పొద్దు గూకితే దహనం చేయొద్దని పెద్దమనుషులు తొందర పెట్టారు. "జనగామకు వచ్చిన, ఇంకొంచెం ఆగుండ్రి" అని మా ఆయన ఫోన్‌లో ఏడ్చాడు. ఆగలేదు. పాలోళ్ల పిల్లగాడు తలకొరివి పెట్టాడు. రాత్రి ఎనిమిదికి మా ఆయన నేరుగా శ్మశానానికే పోయాడు. నిప్పులే ఉన్నాయి. ఆ రాత్రి ఆయన ఇంట్లోకి రాలేదు, అక్కడే కూర్చున్నాడు.

దుబాయ్ నుంచి మామునూరు దాకా రావాలంటే గాలిలో ఇంకో వంద కిలోమీటర్లు. విమానానికి అది పది నిమిషాల పని. అక్కడి నుంచి మా ఇల్లు గంట దూరం. ఆ పది నిమిషాల కోసమే సార్ మేము అడుగుతున్నది.

2025 ఫిబ్రవరి 28న మీ శాఖ మామునూరుకు అనుమతి ఇచ్చిందని విని మా వాడలో మిఠాయిలు పంచుకున్నాం. 253 ఎకరాల భూసేకరణ లెక్కలు పేపర్లలో చదివీ చదివీ విసుగొచ్చింది. భూములు పోయే నక్కలపల్లి, గుంటూరుపల్లి రైతులకు న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వండి, వాళ్ల బాధ మాకు తెలియనిది కాదు. కానీ పని నడపండి. మొదటి విమానం ఎప్పుడు ఎగురుతుందో చెప్పండి. హైదరాబాద్, ఢిల్లీలకే కాదు, గల్ఫ్‌కు కూడా వేయండి. ఇక్కడ ఇంటికొకరు అక్కడే ఉన్నారు. దయచేసి తేదీ చెప్పండి సార్.

మా అత్తకు డెబ్బై ఆరేళ్లు. "నా అప్పుడన్నా నా కొడుకు అందుతడా బిడ్డా?" అని అడుగుతోంది. ఆమెకు ఏం చెప్పమంటారు?

ఇట్లు,
పరకాల నుంచి ఒక గల్ఫ్ కార్మికుడి భార్య