ఈ చలికాలం నన్ను తిప్పినవాళ్లకి

ఈ నాలుగు ముక్కలూ మూడు వారాల కిందటే రాయాల్సింది. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరిని మర్చిపోతానేమోనన్న భయంతో పక్కన పెట్టేశాను. చివరికి అసలు పేర్లే లేకుండా రాస్తున్నాను. వీళ్లలో ఇద్దరు "నా పేరు రాశావంటే ఊరుకోను" అని ముందే బెదిరించారు కూడా. ఎవరి సంగతి ఎక్కడుందో వాళ్లకి తెలిసిపోతుంది.

తెలియనివాళ్ల కోసం ముందు కథ చెప్తాను. మా బ్యాచ్‌ని ఇన్నేళ్లూ చెదిరిపోకుండా పట్టుకున్నవాడు, మా కోశాధికారి, డిసెంబర్ మొదట్లో పోయాడు. గుండెపోటు. అప్పటికే రెండు సమావేశాలు ఖాయమై ఉన్నాయి, రెండూ అతను కుదిర్చినవే. ఒకటి మా బ్యాచ్‌ది. ఇంకొకటి అన్ని బ్యాచ్‌లూ కలిసే పూర్వ విద్యార్థుల సమావేశం. జరపాలా, మానేయాలా అని ఒక రాత్రంతా ఫోన్లలో వాదించుకున్నాం. హాలుకి కట్టిన అడ్వాన్సు సంగతి ఎత్తినవాడి మీద నేను గట్టిగా అరిచాను. (మర్నాడు క్షమించమని అడిగాను. అతనన్నది న్యాయమే. అది అందరి డబ్బు, దానికి లెక్క చెప్పే మనిషి ఇప్పుడు లేడు.) చివరికి పోయినవాడి భార్యే "ఆయన పెట్టిన తారీకులు మార్చకండి" అన్నారు. వాదన అక్కడితో ఆగిపోయింది. ఆ రెండిటికీ సంస్మరణ సభ తోడైంది. వరసగా మూడు వారాంతాలు, మూడు వేరువేరు ఊళ్లు.

నాకు అరవై దాటాయి. రెండు కళ్లలోనూ శుక్లాలు, ఆపరేషన్‌కి ఇంకా వ్యవధి ఉంది. పగలు ఎలాగో నెట్టుకొస్తాను. రాత్రి రోడ్డు మీద మాత్రం ఎదురుగా వచ్చే ప్రతి లైటూ వంద ముక్కలై కళ్లలో గుచ్చుకుంటుంది. శుక్లమంటే కంటి లోపలి కటకం మసకబారడం. లోపలికొచ్చే వెలుతురు ఒకచోట కుదురుగా పడకుండా చెదిరిపోతుంది, అందుకే ఈ గోలంతా. రాత్రిపూట బండి నడపొద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పారు. చలికాలంలో రాత్రి ఎప్పుడు మొదలవుతుందో మీకూ తెలుసు. సాయంత్రం కాస్త బద్ధకించి లేచేసరికి చీకటి పడిపోతుంది. రైలుకి టికెట్ దొరకలేదు. "నావల్ల కాదు, ఫోన్లోనే ఉంటాను" అని గ్రూపులో పెట్టేసి పడుకున్నాను.

పది నిమిషాలు కూడా కాలేదు, ఎవరిదో తెలియని నంబరు. "అక్కా, నేను మీకు తెలీదు. మీ తర్వాత పద్నాలుగు బ్యాచ్‌లకి వచ్చినవాణ్ణి. మీ గురించి నాకూ ఏమీ తెలీదనుకోండి. అన్న మాత్రం తెలుసు. నా ఆఖరి సంవత్సరం ఫీజు పూర్వ విద్యార్థుల నిధి నుంచి ఆయనే కట్టించారు. కారు నాది, నడిపేదీ నేనే. మీరు పక్కన కూర్చుంటే చాలు." నేను మొహమాటపడ్డాను. "మొహమాటం వద్దక్కా, ఒక్కణ్ణే వెళ్తే నాకు నిద్రొస్తుంది" అన్నాడు. అది అబద్ధమని తర్వాత తెలిసింది. అతను వేరే పని మీద వెళ్తూ దారిలో నన్ను ఎక్కించుకోవడం లేదు, మూడుసార్లూ నా కోసమే బయల్దేరాడు. మొదటి సమావేశంలో అతనికి ఒక్క ముఖం కూడా తెలీదు. వెనక వరసలో కూర్చుని, కుర్చీలు తక్కువైతే లేచి నిలబడ్డాడు.

ఆ తమ్ముడికి కొన్ని నియమాలున్నాయి. పొగమంచు విడిచాకే బయల్దేరడం, చీకటి పడకముందే చేరడం, రెండు గంటలకోసారి ఆగి కాళ్లు చాపుకోవడం. "పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్నవాడికీ, మందు వేసుకుని స్టీరింగు పట్టినవాడికీ పెద్ద తేడా ఉండదక్కా" అనేవాడు. పరిశోధకులు తేల్చినదీ ఇంచుమించు అదే. అయినా నేను నవ్వాను. చాదస్తం అనుకున్నాను. శనివారం పదింటికల్లా సమావేశం, శుక్రవారం రాత్రే పోదామని నేను, పొద్దున ఎనిమిదికి అని అతను. నా పోరు పడలేక మధ్యేమార్గంగా తెల్లవారుజామున ఐదుకి ఒప్పుకున్నాడు. అంటే ఇద్దరం కలిసి ఉన్నవాటిలోకెల్లా చెడ్డ వేళ ఎంచుకున్నాం.

ముప్పావుగంట బాగానే సాగింది. నల్లటి ఆకాశం, నిండా చుక్కలు. నిర్మలమైన రాత్రే కదా అని నేను సంతోషపడ్డాను. ఆ నిర్మలత్వమే చేటని అతను చెప్పాడు. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడిపోతుంది. దాన్ని అంటుకుని ఉన్న తేమగాలి కూడా చల్లబడి, ఆవిరి నీటి తుంపరలుగా మారి అక్కడే నిలబడిపోతుంది. పల్లపు చోట్లా, నీళ్ల పక్కనా మరీ చిక్కగా ఉంటుంది. సూర్యోదయం వేళకి అది అన్నిటికంటే దట్టం. ఇదంతా అతను చెప్తుండగానే రోడ్డు ఒక వాలు దిగింది, ముందు ఏమీ లేదు. తెల్లటి గోడ.

నేనైతే హైబీమ్ వేసేదాన్ని. వేస్తే ఆ తుంపరలకి తగిలి వెలుతురంతా వెనక్కే తిరిగొచ్చి మన కళ్లలోనే పడుతుందట. అతను లోబీమ్ మీదే ఉంచి, అద్దాలు దించి, పాట ఆపేశాడు. కళ్లకి కనిపించనిది చెవులకి వినిపించాలని. అరవై కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకి దాదాపు పదిహేడు మీటర్లు దాటిపోతాం. మాకు కనిపిస్తున్నది యాభై మీటర్లు కూడా లేదు. అతను లెక్క చెప్పి ముప్పైకి దించాడు, నేను సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. నవ్వలేదు.

టైరు అక్కడే పోయింది.

ఇక్కడ వచ్చాడు, నేను అందరికంటే ముందు దణ్ణం పెట్టాల్సిన మనిషి. లారీ డ్రైవరు. ముఖం సరిగా చూడనే లేదు, తలకి మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని దాటి కాస్త దూరంలో లారీ పక్కకి తీసి ఆపి, టార్చి ఊపుకుంటూ వెనక్కి నడిచొచ్చాడు. కారులో కూర్చుని ఉన్న నన్ను చూసి మొదట తిట్టాడు. "దిగమ్మా ముందు! వెనకనుంచి వచ్చేవాడికి నీ కారు కనపడదు, కనపడేసరికి ఆపలేడు. రెయిలింగు అవతలికెళ్లి నిలబడు." మా రిఫ్లెక్టర్ త్రిభుజం కారుకి నాలుగడుగుల వెనక ఉంటే, దాన్ని చేత్తో పట్టుకుని చాలా దూరం వెనక్కి నడిచి పెట్టొచ్చాడు. తర్వాత స్టెప్నీ తీస్తే అందులో సగం గాలే ఉంది. కొన్నప్పటినుంచీ ఎవరూ ముట్టుకోలేదు. చలికి టైరులో గాలి ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడితే ఇంచుమించు రెండు పీఎస్‌ఐ. తమ్ముడు సిగ్గుతో తల దించుకున్నాడు. ఇన్ని నియమాలు పెట్టుకున్నవాడికి స్టెప్నీ గుర్తు రాలేదు. లారీవాడు నవ్వి, తన బండి నుంచి గాలి పైపు లాగి నింపేశాడు. డబ్బులివ్వబోతే టార్చి ఆర్పేసి వెళ్లిపోయాడు. ఇది ఆయన ఎప్పటికీ చదవడు. అయినా రాయాలి కదా. మీలో ఎవరింట్లో లారీ నడిపేవాళ్లున్నా, నా తరఫున వాళ్లకి ఈ మాట చేరవేయండి.

సమావేశానికి గంటన్నర ఆలస్యంగా చేరాం. మేమొచ్చేదాకా మొదలుపెట్టకుండా కూర్చున్న ముప్పై ఎనిమిది మందికి ఒక్కొక్కరికీ కృతజ్ఞతలు.

ఆ రాత్రి మాకు గది ఇచ్చిన దంపతులకి ప్రత్యేకంగా. మా బ్యాచ్ కాదు, చుట్టాలూ కాదు, పోయినవాడికి స్నేహితులు, అంతే. హీటరు పెట్టి, కిటికీ మాత్రం వేలెడు సందు తెరిచి ఉంచారు. చలి దూరుతోందని నేను మూసేస్తే, ఆయన వచ్చి మళ్లీ తెరిచారు. గ్యాస్ హీటరైనా, బొగ్గుల కుంపటైనా, మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, తలనొప్పీ మగతా వచ్చేసరికి లేచే ఓపిక ఉండదు. "వణకండి పర్లేదు, పొద్దున లేవండి" అన్నారాయన. ఆ ఇంట్లో అందరూ అలాగే మాట్లాడతారు, రెండో రోజుకి నాకు అలవాటైంది.

రెండో వారాంతం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎనిమిదిన్నరకి బయల్దేరాం, నేను నోరెత్తలేదు. స్టెప్నీ బయల్దేరేముందే చూసుకున్నాం. ఒక్క విషయం మాత్రం మింగుడుపడనిది. సమావేశానికి మిగతా డబ్బు కట్టాలంటే బ్యాంకు ఖాతా పోయినవాడొక్కడి సంతకంతోనే నడిచేది. ఇద్దరి సంతకాలు పెట్టించుకుందాం రండి అని అతను రెండేళ్లు మొత్తుకున్నాడు. ముందుకొచ్చినవాళ్లు లేరు, నాతో సహా. ఆ మొత్తం తన జేబులోంచి కట్టి, బ్యాంకుకి కావలసిన కాగితాల కోసం ఆ ఇంటావిణ్ణి ఒక్కసారి కూడా కదపకుండా, ఏమేం కావాలో తానే కనుక్కుని వరస రాసి ఉంచినవాడు ఎవరో తెలుసా? నేను అరిచానే, ఆ అడ్వాన్సు మనిషి. ఇప్పుడు అతనే మా కొత్త కోశాధికారి. రెండో సంతకం నాది.

సంస్మరణ సభ మూడో ఆదివారం.

సభ నడిపించినది మా సీనియర్ ఒకావిడ, జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి. మేమంతా ఫొటో ఎక్కడ పెట్టాలి, ఎవరు ముందు మాట్లాడాలి అని కొట్టుకుంటుంటే, ఆవిడ నేరుగా అతని ఇంటికెళ్లి ఒకే ప్రశ్న అడిగారు. "ఏం మాట్లాడకూడదో చెప్పండి." కొడుకు చెప్పాడు, ఆఖరి రోజు ఆసుపత్రి విషయాలు ఎవరూ ఎత్తొద్దని. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే కనీసం ముగ్గురం అదే చెప్పేవాళ్లం, అందులో నేనొకదాన్ని. నేను రాసుకెళ్లినది నాలుగు పేజీలు. పైకి చదివిస్తే పదకొండు నిమిషాలు పట్టింది. ఆవిడ ఎర్రసిరా పెన్ను తీశారు. "ఇది అతని గుణగణాలు. ఇదీ గుణగణాలే. ఇది నీ గురించి. ఇదిగో, ఇది ఒక్కటి అతను." మిగిలినది అర పేజీ.

ఆ అర పేజీలో ఉన్నది ఇదీ. ప్రతి సమావేశానికీ అతను జాబితాలో ఉన్న అందరికీ స్వయంగా ఫోన్ చేసేవాడు. మెసేజీ పెడితే సరిపోదా అంటే ఒప్పుకునేవాడు కాదు. అతని నోటుపుస్తకం చూస్తే తెలిసింది, ఒక ఏడాది 'అ' దగ్గర మొదలుపెడితే, మరుసటి ఏడాది 'హ' దగ్గర మొదలుపెట్టి వెనక్కి వచ్చేవాడు. మార్జిన్‌లో కారణం కూడా రాసుకున్నాడు. చివరివాళ్లకి ప్రతిసారీ అలిసిపోయిన గొంతే వినిపించకూడదని. నా పేరు మధ్యలో ఉంటుంది కాబట్టి నాకెప్పుడూ ఈ తేడా తెలియలేదు. ఇది చదివాక హాల్లో 'స' తో మొదలయ్యే పేర్లవాళ్లు ఇద్దరు ఒకరినొకరు చూసుకోవడం నాకు కనిపించింది. ఆ తర్వాత రెండు వాక్యాలు నేను చదవలేకపోయాను. సీనియర్ గారే వచ్చి, కాగితం తీసుకుని, పూర్తి చేశారు. అమ్మా, మీరు కొట్టేసిన మూడున్నర పేజీలకి మీకు రుణపడి ఉన్నాను.

మంచం దిగలేని స్నేహితుడొకడు ఆ రోజు సభ మొత్తం ఫోన్లో విన్నాడు. మైకు పక్కన ఫోన్ పెడితే కీచుమని మోగుతుందని, అటువైపు శబ్దం ఆపించి, స్పీకరు పెట్టెకి కాస్త దూరంగా దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని గంటా నలభై నిమిషాలు నిలబడ్డ కుర్రాడు మాలో ఒకరి అబ్బాయి. చేతులు మార్చుకోవడం చూశాను, కూర్చోవడం చూడలేదు. మా ముసలి మాస్టారిని మెట్లెక్కించకుండా పక్క తలుపులోంచి చక్రాల కుర్చీలో తెచ్చి, లేవాలనిపిస్తే ఎవరినీ కదపకుండా లేచేలా వరస చివర కూర్చోబెట్టినవాళ్లకీ, ఫొటోల్లో ఒకదాంట్లో ఉన్నది అతను కాదని ముందురోజు రాత్రి కనిపెట్టిన ఆవిడకీ (మేం ఇరవైమందిమి చూసి "బాగుంది" అన్నాం) నమస్కారాలు.

తిరిగొస్తుంటే తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. సగం దారిలో, "నా పేరు 'వ' అక్కా. పోయినేడు నాకు ఫోన్ వచ్చింది, గొంతు హుషారుగానే ఉంది" అన్నాడు. ఇంటి ముందు దింపి, చీకటి పడకముందే వెనక్కి చేరాలని దిగకుండానే తిప్పుకుని వెళ్లిపోయాడు. పెట్రోలు డబ్బుల గురించి నా నాలుగు మెసేజీలకి ఇప్పటిదాకా జవాబు లేదు. ఒరేయ్ తమ్ముడూ, ఇది చదువుతున్నావని తెలుసు, జవాబివ్వు.

నోటుపుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. జాబితా తిరగరాస్తున్నాను. ఫోన్ నంబరు మారినవాళ్లు నాకు చెప్పండి. వచ్చే ఏడాది 'హ' వంతు, హ నుంచి మొదలుపెడతాను. అతని నంబరు తీసేయాలా అని ఆ ఇంటావిణ్ణి అడిగితే, ఉంచమన్నారు. అది మోగితే ఆవిడే ఎత్తుతారు. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం చేయకండి.