ఉరి అడిగే ముందు ఫిర్యాదు సంగతి అడుగుదాం

సంపాదకులు గారికి నమస్కారం.

ఆడపిల్లపై ఘోరం జరిగిందని తెలిస్తే చాలు, 'ఉరి తీయండి', 'ఎన్‌కౌంటర్ చేయండి' అన్న మాటలే అంతటా వినిపిస్తున్నాయి. ఆ కోపం నాకు తెలియనిది కాదు, ఇద్దరు కూతుళ్ల తల్లిని. 2019 జూన్‌లో మా హనుమకొండలో తొమ్మిది నెలల పసిపాపను పొట్టన పెట్టుకున్నప్పుడు మా వీధిలో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆగస్టులోనే వరంగల్ కోర్టు దోషికి ఉరిశిక్ష వేసింది. నవంబర్‌లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మారిస్తే చాలామంది అన్యాయమన్నారు. చచ్చేదాకా అతను జైల్లోనే ఉండాలని కోర్టు చెప్పిన సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ నెలాఖరులోనే హైదరాబాద్ శివార్లలో యువ వైద్యురాలిని చెరిచి చంపిన దిశ ఘటన. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే జనం పూలు చల్లారు, రాఖీలు కట్టారు. విచారణే జరగలేదు. చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చి చెప్పింది. 2022లో ఆ నివేదిక బయటికొచ్చే సరికి మనం ఆ మాటే మర్చిపోయాం. ప్రాణం తీశాక తప్పు దిద్దుకునే దారి ఉండదు. అందుకే ఉరిశిక్ష వద్దనే వాళ్లలో నేనూ ఒకదాన్ని.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకొకటి. దిశ ఘటన జరిగిన రాత్రి కూతురు కనిపించడం లేదని పరుగెత్తుకెళ్లిన కుటుంబానికి 'ఇది మా పరిధి కాదు' అన్న జవాబు ఎదురైంది. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఉరి కోసం రోడ్డెక్కినంత మంది దీని గురించి గట్టిగా నిలదీసి ఉంటే!

అదే వారంలో ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే పేద దళిత మహిళను ముగ్గురు చెరిచి చంపారు. ఆమె కోసం అంత గోల జరగలేదు. అయినా ప్రత్యేక కోర్టు సాక్షులను విచారించి, 2020 జనవరి 30నే తీర్పు చెప్పింది. ఉరిశిక్ష పడటం నాకు సమ్మతం కాదు గానీ, తల్చుకుంటే కోర్టుల్లోనే త్వరగా తేలుతుందని ఆ కేసు చూపించింది.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై నుంచి చట్టంలోనే ఉంది. ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు, ఇంటివాళ్లు స్టేషన్‌కు ఎన్నింటికి వెళ్లారో, కేసు ఎన్నింటికి రాశారో కూడా మీ పత్రికలో తప్పకుండా వేయండి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ